వెనక వరసకి వినబడుతోందా?

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవికి తొమ్మిది బడులు. తొమ్మిదింటికీ పెద్ద అధికారి తాబేలు కూర్మయ్య.

ఆయన రాకముందు ఆ బడుల సంగతి అడక్కండి! వానొస్తే లోపలా వానే. గుడ్లగూబ పంతులు పట్టపగలు పాఠం చెబుతానని కూర్చుని గురక పెట్టేవాడు. ఏనుగు పిల్లల వెనక కూర్చున్న కుందేలు పిల్లలకి ఆ వీపులు తప్ప ఏమీ కనబడేవి కావు.

కూర్మయ్య తొందరపడే రకం కాదు. నిదానంగా తొమ్మిది బడులూ తిరిగాడు. కప్పులు నేయించాడు. గుడ్లగూబకి రాత్రిబడి అప్పగించాడు. ఏ బడికి వెళ్ళినా నేరుగా చివరి వరసలో కూర్చుని, "వెనక వరసకి వినబడుతోందా?" అని అడిగేవాడు. వినబడలేదంటే పాఠం మళ్ళీ మొదటినుంచే!

ముళ్ళపంది మంగతాయి చిన్నప్పుడు ఆ చివరి వరసలోనే ఒంటరిగా కూర్చునేది. ముళ్ళు గుచ్చుకుంటాయని ఎవరూ పక్కకి వచ్చేవారు కాదు. ఒకరోజు కూర్మయ్య వచ్చి ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"గుచ్చుకుంటాయండీ!" అంది మంగతాయి భయంగా.

"నా వీపు చూశావా తల్లీ? నాకేం గుచ్చుకుంటాయి! పుస్తకం తియ్యి," అన్నాడాయన.

ఆ మంగతాయి ఇప్పుడు ఏడో బడిలో టీచరు.

ఇంతలో కూర్మయ్యకి పదవీ విరమణ వచ్చింది. దూరాన సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోతానన్నాడు. నక్క నరసింగం సన్మాన సభ పెట్టాడు. మంగతాయికీ వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడే అవకాశం ఇచ్చాడు. ఆమె పది రోజులు ఆ మాటలు బట్టీ పట్టింది. 'ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాను?' అనుకుంది.

సభ రోజున సింహం, ఏనుగులు, ఎలుగుబంట్లు ముందు కూర్చున్నాయి. పిల్లల్ని అందరికన్నా వెనక కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. మంగతాయి వేదిక మీంచి చూస్తే, దూరాన ఒక కుందేలు పిల్ల ఎగిరి ఎగిరి చూస్తోంది. పాపం, దానికేమీ కనబడటం లేదు!

ఇంకొక్కరు మాట్లాడితే తన వంతు. దిగితే వంతు పోతుంది. మంగతాయి కాసేపు కొట్టుమిట్టాడింది. తర్వాత చప్పుడు చేయకుండా దిగి వెనక్కి వెళ్ళింది.

"టీచరమ్మా, మాకేమీ వినబడట్లేదు! ఏనుగుల తోకలే చూస్తున్నాం," అంది కుందేలు పిల్ల.

"రండర్రా, నేను చెబుతాను," అని పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వేదిక మీది ప్రతి మాటా విడమరిచి చెప్పసాగింది.

"మంగతాయి టీచర్!" అని పిలిచాడు నక్క. పిల్లలకి చెబుతున్నది మధ్యలో ఆపలేక ఆమె పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పలకలేదు. మూడోసారి పిలిచి, "అంత చేసినాయనకి దండం పెట్టే తీరిక కూడా లేదు కాబోలు!" అని మూతి విరిచాడు.

కూర్మయ్య మెడ చాచి చూశాడు. వెనక పిల్లల మధ్య ముళ్ళు కనబడ్డాయి. ఆయన వేదిక దిగి నడవడం మొదలుపెట్టాడు. తాబేలు నడక కదా, సింహంతో సహా సభంతా నోరు మూసుకుని ఎదురుచూసింది.

ఆయన్ని చూడగానే మంగతాయికి కన్నీళ్ళు ఆగలేదు. "మీ గురించి నాలుగు మాటలు చెబుదామనుకున్నానండీ. కుదర్లేదు."

"నువ్వు చెప్పింది నాకు వినబడిందమ్మా. ఇంతకన్నా పెద్ద సన్మానం నాకేముంది?" అని తన శాలువా తీసి ఆమెకి కప్పాడు. ముళ్ళన్నీ పర్రుమని దాంట్లోంచి పైకొచ్చాయి. "అయ్యయ్యో!" అన్నారంతా.

"చిరిగితే చిరిగింది, ఇక జారిపోదు!" అని నవ్వాడు కూర్మయ్య. తర్వాత పిల్లల మధ్య కూర్చుని, చివరిసారిగా అడిగాడు. "ఏమర్రా, వెనక వరసకి వినబడుతోందా?"

"వినబడుతోంది తాతగారూ!" అని పిల్లలు అరిచిన అరుపుకి అడవంతా దద్దరిల్లింది.

నీతి: మేలు చేసినవారికి దండ వేయడం మర్యాద. వారు నేర్పిన మంచిని మనం చేసి చూపడమే అసలైన కృతజ్ఞత.