డాబా ఎక్కిన మధ్యాహ్నం

ఒక ఊళ్ళో ఒక ఇల్లాలు ఉండేది. ఆమెకు ఒక మధ్యాహ్నం ఉండేది.

నగలు అత్తగారి పెట్టెలో ఉండేవి. తాళాలు మొగుడి మొలతాడుకు ఉండేవి. మధ్యాహ్నం మాత్రం ఆమెదే. ఇంటాయన రాజుగారి కొలువుకీ, పిల్లలిద్దరూ బడికీ, అత్తగారు పురాణానికీ వెళ్ళిపోయాక, అంట్లు తోమి బోర్లించాక, అది పెరటి గుమ్మంలోంచి మెల్లగా వచ్చేది. కాస్త ఒళ్ళున్న మనిషిలా ఆయాసపడుతూ గడప పక్కన చతికిలబడేది. ఏమీ అడిగేది కాదు, ఏమీ వండిపెట్టమనేది కాదు. ఇల్లాలు జుట్టుముడి విప్పుకుని దాని పక్కన కూర్చునేది. సగమే వచ్చిన పాట ఒకటి పాడుకునేది. ఎప్పుడో ఆగిపోయిన ఆలోచనను మళ్ళీ అందుకునేది. పొద్దు వాలగానే మధ్యాహ్నం లేచి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయేది. దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇంతలో దేశానికి జబ్బు వచ్చింది. ఎవరిళ్ళలో వాళ్ళుండండి, గడప దాటకండి అని రాజుగారు దండోరా వేయించారు.

ఇంటాయన కొలువు ఇంట్లోకి వచ్చిపడింది. కొలువులో ఆయన మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లో నలుగురున్నారు. ఇంకేం, మొదటి రోజే చట్టాలు చేశాడు. కూరగాయలు ఉప్పునీళ్ళలో మూడు మునకలు వెయ్యాలి. పాలచెంబు గుమ్మం బయట గంటసేపు ఎండలో నిలబడాలి. పాలు విరిగితే విరిగాయి, చట్టం విరగకూడదు. ఇక కొత్తగా ఇంటికి ఏమొచ్చినా, ఎవరొచ్చినా, డాబా మీద పధ్నాలుగు రోజులు. ఇన్ని చట్టాలు చేసి అలసిపోయి గంటకోసారి టీ అడిగేవాడు. బోర్లించిన గిన్నె ఆరకముందే ఎవరికో ఒకరికి ఆకలేసేది.

నాలుగో రోజున, మధ్యాహ్నం తనే ధైర్యం చేసి పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరిది?" అన్నాడు ఇంటాయన.

"నాకోసం వచ్చిందండీ. రోజూ వస్తుంది" అంది ఇల్లాలు.

"రోజూనా! ఏం పని దానికి?"

"పనేం లేదండీ."

"పనీపాటా లేకుండా తిరిగేవాటి వల్లే ఈ జబ్బులన్నీ! ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చిందో ఏమో. డాబా మీదికి పంపు. పధ్నాలుగు రోజులు!"

మధ్యాహ్నం మెట్లెక్కింది. ఇల్లాలి ప్రాణం ఉసూరుమంది. ఆ పూట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది.

మర్నాడు ఆమెకు గుమ్మడి వడియాలు గుర్తొచ్చాయి. వేసవి ఎలాగూ వచ్చింది. పిండి రుబ్బి, డాబా మీద పాతచీర పరిచి వడియాలు పెట్టింది. "కాకులు వాలతాయండీ, ఎవరో ఒకరు కాపలా ఉండాలి" అంది. ఇంటాయనకు వడియాలంటే ప్రాణం. క్షణం ఆలోచించకుండా అనుమతి ఇచ్చేశాడు. నీళ్ళతొట్టి నీడలో ఆమె, మధ్యాహ్నం మళ్ళీ పక్కపక్కన కూర్చున్నారు. మూడు రోజుల్లో ఎండాల్సిన వడియాలు పదమూడు రోజులు ఎండాయి. రాళ్ళయినా అంత ఎండవు.

గడువు తీరిన రోజు ఇంటాయన స్వయంగా పైకి వచ్చాడు. మధ్యాహ్నం నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "జ్వరం లేదు. కిందికి రావచ్చు" అని తీసుకెళ్ళి హాల్లో కూర్చోబెట్టాడు.

కూర్చోబెట్టి ఊరుకుంటే బాగుండేది. అత్తగారు, "మోకాళ్ళు పట్టవే అమ్మాయ్" అంటూ అందులో ఒక ముక్క తీసుకుంది. పిల్లలు ఒక ముక్క తీసుకుని దాని మీద అష్టాచెమ్మా గళ్ళు గీశారు. అన్నిటికన్నా పెద్ద ముక్క ఇంటాయన తలకింద పెట్టుకుని గుర్రుపెట్టాడు. ఇల్లాలికి చివరి ముక్క మిగిలింది. అది టీ నీళ్ళు పొయ్యి మీద పడేసే వేళ.

"కష్టకాలంలో ఉన్నది నలుగురూ పంచుకోవాలి" అన్నాడు ఇంటాయన ఒళ్ళు విరుచుకుంటూ.

పది రోజుల్లో మధ్యాహ్నం చిక్కి సగమైపోయింది. ఒకనాడు ఇల్లాలి చెవి దగ్గరికి వచ్చి, "నన్ను పైకి తీసుకుపో తల్లీ. ఇక్కడుంటే బతకను" అంది. ఇల్లాలికి దుఃఖం పొంగుకొచ్చింది. కానీ తీరిగ్గా ఏడవడానికైనా ఒక మధ్యాహ్నం కావాలి కదా, దాన్నేమో ఆయన తలకింద పెట్టుకున్నాడు.

ఆమె టీ పట్టుకెళ్ళి ఇంటాయన ముందు నిలబడింది. చిన్నగా దగ్గింది.

"ఏమిటది?"

"ఏమోనండీ. గొంతులో గరగరగా ఉంది."

ఆయన ఎగిరి గోడకు అంటుకుపోయాడు. "దగ్గరికి రాకు! డాబా మీదికి ఫో! పధ్నాలుగు రోజులు! పెళ్ళామైనా సరే, చట్టం చట్టమే!"

"ఈ మధ్యాహ్నం కూడా నా పక్కనే తిరిగిందండీ..."

"దాన్ని కూడా లాక్కుపో!"

ఇల్లాలు చాప, నీళ్ళ కూజా పట్టుకుని మెట్లెక్కింది. మధ్యాహ్నం ఆమె కంటే ముందే ఎక్కేసింది. కింద మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు అన్నంతో పాటు గిన్నె కూడా మాడింది.

మూడో రోజు పక్కింటావిడ బట్టలారేస్తూ పిట్టగోడ మీదుగా తొంగి చూసింది.

"ఒంట్లో బాలేదటగా వదినా?"

"దగ్గు."

"మొహం చూస్తే అలా లేదే! ఎలా వస్తుందమ్మా ఆ దగ్గు?"

"మొదటిసారి కష్టం వదినా. ఒక్కసారి వచ్చిందంటే ఇక భయం ఉండదు."

సాయంత్రానికల్లా పక్కింట్లోంచి, "దగ్గరికి రాకు!" అని మగగొంతు వినిపించింది. మర్నాడు ఎదురింట్లోంచి అదే కేక. వారం తిరిగేసరికి ఆ వీధిలో ఖాళీ డాబా లేదు. రాజవైద్యులు వచ్చి, కింది నుంచి మెడలు రిక్కించి చూసి, ఇలా రాసుకున్నారు: కొత్త రకం. ఇల్లాళ్ళకే సోకుతుంది. పిట్టగోడల మీదుగా అంటుకుంటుంది. రోగి పాడుతుంది, నవ్వుతుంది, ఒళ్ళు చేస్తుంది. బాధలన్నీ కింద ఉన్నవాళ్ళకే.

పధ్నాలుగో రోజు ఇంటాయన మెట్ల కింద నిలబడి పిలిచాడు. గడ్డం మాసింది. వేళ్ళ మీద కాలిన మచ్చలున్నాయి.

"తగ్గిందా? దిగి రావే. ఇకమీదట నీ మధ్యాహ్నం జోలికి ఎవరం రాం. ఒట్టు."

అంత మెత్తటి గొంతు పెళ్ళయ్యాక ఆమె వినలేదు. పాపం అనిపించింది, నిజంగానే. లేచి చాప చుట్టింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

మధ్యాహ్నం పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. "ఆయన రెండో చెయ్యి చూడు" అంది.

ఇంటాయన ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని ఒట్టేస్తున్నాడు. రెండో చేతిలో ఖాళీ టీ గ్లాసు ఉంది.

ఇల్లాలు చాప మళ్ళీ పరిచింది. వీధి వీధంతా వినపడేలా దగ్గింది.