జోలె తాత మీద ఎర్రలైటు కేసు

ఈరన్నకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. తాత మీద కోర్టులో కేసు పడింది. పడింది తన వల్లనే. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు.

పత్తి మిల్లులు దాటిపోతే రాళ్లగుట్ట పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. తాత ఉండేది అందులో. భుజానికి ఎప్పుడూ ఒక జోలె వేలాడుతూ ఉంటుంది గనుక అందరూ జోలె తాత అంటారు. గుడీ విగ్రహం అక్కర్లేదనే అచల మార్గం పట్టిన మనిషి. బోధ చెప్పమంటే చెప్పడు. ఎవరైనా తత్వం పాడితే తల ఊపుతూ వింటాడు. అయినా రోజూ జనం వస్తూనే ఉంటారు.

ఆ జనాన్ని చూసుకునేది ఈరన్న. పన్నెండేళ్లుగా తాత దగ్గరే ఉన్నాడు. వంట అతనే చేస్తాడు, సరుకులు అతనే తెస్తాడు. మనిషి మంచివాడే గానీ మాట కటువు. చెప్పులు వరసగా విడవనివాణ్ణి గడప దాటనివ్వడు. వరసలో ముందుకు దూరినవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చివర నిలబెడతాడు. కట్టుబాటు లేనివాడికి తత్వమెందుకని అడుగుతాడు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. వెనకాల మాత్రం పోలీసు ఈరన్న అని నవ్వుకుంటారు.

ఒక పత్తి వ్యాపారి భక్తితో మోపెడ్ ఒకటి కొనిచ్చాడు. రిజిస్ట్రేషన్ తాత పేరు మీద చేయించాడు. తాతకు సైకిలు తొక్కడం కూడా రాదు. బండి నడిపేది ఈరన్నే.

మూడు నెలల కిందట బియ్యం మూట వేసుకుని వస్తూ మార్కెట్ కూడలిలో ఎర్రలైటు పడ్డాక ముందుకు పోయాడు. పైన ఉన్న కెమెరా ఫొటో తీసింది. జరిమానా మెసేజీలన్నీ వ్యాపారి ఫోనుకు పోయాయి. ఆయన ఒక్కటీ చూసుకోలేదు. చివరికి ఒక కానిస్టేబుల్ షెడ్డు దాకా వచ్చి కాగితం చేతిలో పెట్టి పోయాడు. కట్టాల్సింది కట్టలేదు కాబట్టి విషయం కోర్టుకు పోయిందని అందులో ఉంది. పేరు లేదు, బండి నంబరు మాత్రమే ఉంది.

అప్పుడు షెడ్డులో పదిమంది దాకా ఉన్నారు. ఏం కాగితమని అడిగారు. ఈరన్న నోట్లోంచి ఒక మాట జారిపోయింది. లైటు పచ్చగానే ఉండిందని, ఆ కెమెరాదే తప్పని చెప్పాడు. అందరూ నమ్మారు. చెప్పినవాడు ఈరన్న కదా. ఈ కెమెరాలు ఇంతేనని తలా ఒక మాట తిట్టారు. అన్నం సయించకుండా పోయింది ఆ పూట నుంచే.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఊళ్లోకి పోయాడు. ఎట్లాగైనా చప్పుడు కాకుండా ముగించి రావాలని అతని ఆలోచన. ట్రాఫిక్ స్టేషన్లో అడిగితే, కాగితాలు తమ చెయ్యి దాటిపోయాయి, కోర్టుకు పొమ్మన్నారు. కోర్టులో ఒక హాలు ముందు గంటసేపు నిలబడ్డాక అది భూముల తగాదాల కోర్టని తెలిసింది. పెట్రోలు బంకు వైపు ఉన్న పాత భవనంలో చిన్న కేసుల రికార్డులు ఉంటాయని ఒక ప్లీడరు గుమాస్తా చెయ్యి చూపించాడు.

అక్కడ కంప్యూటర్ ముందు షమీమున్నీసా అనే ఉద్యోగిని కూర్చుని ఉంది. ఎవరి పేరు మీద కేసు అని అడిగింది.

"జోలె తాత," అన్నాడు ఈరన్న.

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "రేషన్ కార్డులో కూడా అట్లనే ఉందా?"

అసలు పేరు తెలియదన్నాడు. తండ్రి పేరు అడిగింది. అదీ తెలియదన్నాడు. ఆయన దగ్గర ఎన్నేళ్లుగా ఉంటున్నావని అడిగింది. పన్నెండేళ్లని చెప్పాడు. పేరు లేకపోయినా నష్టం లేదు, బండి నంబరు చెప్పమంది. అది మాత్రం ఈరన్న తడుముకోకుండా చెప్పాడు.

"బీరప్ప, తండ్రి సోమప్ప. వయసు డెబ్బై ఎనిమిది," అని చదివింది ఆమె.

ఇదెవరో వేరే ఆయనలా ఉందన్నాడు ఈరన్న. నంబరు మీదే అయితే ఆయనే మీ తాత అంది ఆమె. ఫొటో కూడా చూపించింది. లైటు మిరపపండులా వెలుగుతూ ఉంది. మోపెడ్ తెల్లగీత దాటి నాలుగు మూరలు ముందు ఉంది. కాళ్ల మధ్య బియ్యం మూట. తలకు చుట్టిన తువ్వాలు, వెడల్పాటి వీపు కనిపిస్తున్నాయి. మొహం కనిపించడం లేదు.

"డెబ్బై ఎనిమిదేళ్ల వీపు మాదిరి లేదే," అంది ఆమె.

ఈరన్న గోడ వైపు చూశాడు.

చేయాల్సింది ఏమిటో ఆమె ఓపికగా చెప్పింది. గురువారం పిలుస్తారు. బండి ఎవరి పేరున ఉందో ఆయన వచ్చి ఒప్పుకుంటే జరిమానాతో అప్పుడే అయిపోతుంది. నడిపింది వేరేవాళ్లయితే వాళ్లే వచ్చి ఆ మాట చెప్పుకోవాలి. ఎవరూ రాకపోతే కేసు అట్లాగే ఉండి పెద్దదవుతుంది. పేరు పైకి పిలవకుండా చేయడానికి వీలుంటుందా అని ఈరన్న మెల్లగా అడిగాడు. ఇక్కడ ఎవరి పేరూ గుసగుసగా పిలవరని ఆమె చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా ఫొటోలోని ఆ వీపే కళ్లముందు కదిలింది. మొహం లేదు కదా అనుకున్నాడు. షెడ్డు చేరేసరికి ఒక ఉపాయం తయారైంది.

తాత కాళ్ల దగ్గర కూర్చుని సంగతి చెప్పాడు, తను దాటింది తప్ప. తాత పెద్దమనిషి, కోర్టులో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అరనిమిషం పని అన్నాడు.

"నువ్వు వచ్చి అవును అని ఒక్క మాట అంటే చాలు తాతా."

బండి ఎవరు నడిపారని తాత అడగలేదు. లైటు ఏ రంగులో ఉండిందనీ అడగలేదు.

"ఏ పేరుతో పిలుస్తారంట?" అన్నాడు.

"బీరప్ప అని."

తాతకు నవ్వు వచ్చింది. భుజాలు కదిలేట్టు నవ్వాడు. "మా అమ్మ పోయినాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు. పోదాంలేప్పా."

గురువారం ఉతికిన పంచె కట్టుకుని, పెళ్లికి పోయేవాడిలా తాత మోపెడ్ వెనక ఎక్కాడు.

కోర్టు వరండా నిండా జనం. ఆటోలవాళ్లు, హెల్మెట్ లేక పట్టుబడిన కాలేజీ పిల్లలు, ఇద్దరు లారీ డ్రైవర్లు. సగం మంది తాతను ఎరిగినవాళ్లే. ఒక ఆటో డ్రైవరు లేచి చోటు ఇచ్చి, నిన్ను కూడా పట్టుకున్నారా తాతా అని అడిగాడు. పట్టుకోలేదు, పిలిచినారని చెప్పాడు తాత. జోలెలోంచి వేయించిన శనక్కాయలు తీసి అటూ ఇటూ పంచాడు. కాసేపట్లో అందరూ తమ తమ కేసులు ఆయనకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఈరన్న మాత్రం తువ్వాలు తలమీదుగా కప్పుకుని స్తంభం చాటున నిలబడ్డాడు.

పేర్లు పిలవడం మొదలై అందరూ హాల్లోకి పోయారు. కొంతసేపటికి బంట్రోతు గొంతెత్తాడు.

"సోమప్ప కొడుకు బీరప్పా!"

తాత కదల్లేదు. బంట్రోతు మళ్లీ పిలిచాడు. ఈరన్న వెనకనుంచి భుజం తట్టాడు. మూడోసారి పిలిచాక తాత లేచి, ఇంకోసారి పిలుస్తాడేమోనని చూసినాను అంటూ ముందుకు నడిచాడు.

మేజిస్ట్రేటు చిన్న వయసు ఆవిడ. తాత చెక్క బోనులోకి ఎక్కి రెండు చేతులూ జోడించాడు. బండి మీదేనా అని ఆమె అడిగింది. తన పేరుతోనే ఉందంటున్నారని తాత చెప్పాడు.

"ఎర్రలైటు పడ్డాక కూడలి దాటారా?"

"అవును అనమన్నారు తల్లీ. అవును."

హాల్లో నవ్వులు లేచాయి. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఫొటో తీసి చూసింది. తాతను చూసింది. మళ్లీ ఫొటో చూసింది. లైసెన్సు ఉందా అని అడిగింది. లేదన్నాడు తాత.

"లైసెన్సు లేకుండా నడిపితే అది ఇంకో కేసు అవుతుంది. మీరు ఒప్పుకుంటే రెండూ మీ మీదే పడతాయి. ఆ సంగతి తెలుసా?"

"ఇప్పుడు తెలిసింది తల్లీ."

ఈరన్నకు ఉపాయం పన్నినప్పుడు ఇది తట్టనే లేదు.

"అవును అనమన్నది ఎవరు?" అని అడిగింది మేజిస్ట్రేటు.

తాత వెనక్కి తిరగలేదు. ఎవరినీ చూపించలేదు. ఎడమ భుజానికి ఉన్న జోలె తీసి కుడి భుజానికి వేసుకున్నాడు. బస్సు సీట్లో ఇంకొకరికి చోటు ఇచ్చే మనిషిలా ఒక పక్కకు జరిగాడు. అది ఒక్కరు నిలబడే బోను. కమ్మీకి ఒదిగి ఇంకొంచెం జరిగాడు. పక్కన ఒక మనిషికి సరిపోయేంత ఖాళీ ఏర్పడింది.

మధ్యలో నిలబడమని బంట్రోతు చెప్పాడు. తాత అలాగేనని తల ఊపి, ఉన్నచోటే ఉన్నాడు.

హాల్లో అందరూ ఆ ఖాళీనే చూస్తున్నారు. ఈరన్న కూడా చూశాడు. బల్లల మధ్య నుంచి అక్కడికి పదడుగులు ఉంటుంది. తువ్వాలు తలమీది నుంచి తీసేశాడు. ఆ పదడుగులు నడిచి, బోను ఎక్కి, తాత పక్కన నిలబడ్డాడు. ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి ఒరుసుకున్నాయి.

ఎవరు మీరని అడిగింది మేజిస్ట్రేటు.

"ఈరన్న. హనుమంతు కొడుకును. బండి నడిపింది నేను."

"ఎర్రలైటు చూశారా?"

"చూసినాను. మూట జారుతుందని ఆగలేదు మేడం." బోను కమ్మీ పట్టుకున్నాడు. "మూట జారదు. గట్టిగానే కట్టినాను. ఎవరూ చూడలేదులే అని పోయినాను."

"మన పోలీసు ఈరన్నేరా," అని వెనక బల్ల మీద నుంచి ఎవరో అన్నారు.

హాలంతా నవ్వింది. బంట్రోతు సైలెన్స్ అంటూనే తనూ నవ్వాడు. ఇన్ని రోజులూ ఈరన్న భయపడింది ఈ నవ్వుకే. అది వచ్చింది, పోయింది. అతను నిలబడినచోటే ఉన్నాడు.

మేజిస్ట్రేటు కాగితం మీద ఏదో రాసింది. తాత మీద కేసు తీసేసి ఈరన్న పేరు రాసుకోమంది. జరిమానా వేసి, మళ్లీ దొరికితే లైసెన్సు పోతుందని హెచ్చరించింది. రసీదు ఇస్తూ షమీమున్నీసా అతన్ని ఒకసారి చూసి, వీపుకు మొహం దొరికిందని నవ్వింది.

బయట ఎండ చురుక్కుమంటోంది. సాయంత్రం షెడ్డుకు వచ్చేవాళ్లందరికీ ఈ కథ ముందే చేరి ఉంటుందని ఈరన్నకు తెలుసు. అయినా ఆకలి వేస్తోంది. తాత జోలెలో చెయ్యి పెట్టి మిగిలిన శనక్కాయలు అతని చేతిలో పోశాడు. ఈరన్న గోడకు ఆనుకుని అన్నీ తిన్నాడు. పొట్టు దులుపుకుని, బండి స్టాండు తీశాడు. కానీ ఎక్కలేదు.

"తాతా, నేను లేచి రాకపోయుంటే ఏం చేసేవాడివి?"

తాత అప్పటికే వెనక సీటు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంకొంచెం జరిగేవాణ్ణి," అన్నాడు.