గురి పక్కన కుర్చీ

విరజాపురం రాజుగారు కొత్త విమానం కొనబోతున్నారు. కింద పోరాడే సైనికులకు అది పైనుంచి అండగా బాంబులు వేయాలి. రెప్పపాటులో దూసుకుపోయేదే కావాలని సేనాపతి పట్టుబట్టాడు. పరీక్షనాడు డేరాలు వేసే గవరయ్య, సేనాపతి కుర్చీని సున్నంతో గీసిన గురి పక్కనే వేశాడు.

"ఇక్కడెందుకురా?" అన్నాడు సేనాపతి.

"యుద్ధంలో సిపాయి అయిన మా తమ్ముడు శత్రువుకి ఇంత దగ్గర్లోనే ఉంటాడండి."

రాజుగారు కూర్చోమని సైగ చేశారు. దూరంగా విమానం ఉరిమింది. నేల అదిరింది. సేనాపతి రాజుగారి వైపు తిరిగాడు.

"ఆపించండి ప్రభూ. నెమ్మదిగా కిందికొచ్చి, మనవాళ్లెవరో చూసుకుని వేసేదే కొందాం."

విమానాన్ని వెనక్కి పంపించారు. సేనాపతి లేవబోయాడు.

"కూర్చోండయ్యా," అన్నాడు గవరయ్య. "ఆ నెమ్మదిదాన్ని కూడా పరీక్షించాలి కదా."