చెన్నమల్లు పాలు పితికిన పూట

దగ్గరికి జరగండర్రా. ఆ స్తంభం వెనకాల ఉన్నవాళ్ళు కూడా ఇలా ముందుకొచ్చి చాప మీద కూర్చోండి, నేను గొంతు పెంచి చెప్పలేను. వీధిలో నిలబడి వింటున్న పెద్దలూ రావచ్చు. ఈ కథలో ప్రశ్న అడిగింది పిల్లవాడు కాదు, మీసాలొచ్చిన మనిషి. కనుక ఇది మీకే ఎక్కువ పనికొస్తుందేమో.

బసవలింగం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. మనసులో బరువు పెట్టుకుని ఎవరైనా ఆయన్ని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక ఇంటిపని పురమాయించేవారు. ఒకరిచేత కంచె కట్టించారు, ఇంకొకరిచేత చిక్కుడు పాదుకి పందిరి వేయించారు. అడిగినవాళ్ళు లోపల విసుక్కుంటూనే ఆ పని చేసేవారు. చేశాక మళ్ళీ అదే ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ.

ఆయన దగ్గర చదువుకుని, పొరుగు తాలూకాలో తానూ పంతులైన చెన్నమల్లు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. మాస్టారి భార్య గౌరాంబగారు ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"మాస్టారూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను."

"ఏం, పిల్లలు మాట వినడం లేదా?"

"వింటారండీ. బంగారంలాంటి పిల్లలు. నా బాధే అది."

అతని తల్లి పుట్టింది గోదావరి లంకలో. ఆ లంకని ఏనాడో వరద తీసుకుపోయింది. అక్కడి పడవల రేవు, పొగాకు తోటలు, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఆడుకునే సరసాలు, వరద వచ్చిన నాటి కేకలు అన్నీ కలిపి ఒక నవల రాయాలని చెన్నమల్లు చదువుకునే రోజుల నుంచీ కలగంటున్నాడు. ఆ ఊరు ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. నవల మాత్రం మొదటి అధ్యాయం దాటలేదు.

"బళ్ళో పాఠం చెబుతుంటే ఎక్కడినుంచో మంచి మాట వస్తుందండీ," అన్నాడు. "అది వాళ్ళకి చెప్పేస్తాను. సాయంత్రం కాగితం ముందు కూర్చుంటే ఏమీ ఉండదు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం రెండు పేజీలు తిప్పేసరికి నిద్ర ముంచుకొస్తుంది. నాలో ఉన్నదంతా ఆ పిల్లలే తాగేస్తున్నారు మాస్టారూ."

"వేసవి సెలవులున్నాయిగా?"

"ఉన్నాయండీ. తలుపేసుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. ఏడాది అలసట అంత త్వరగా వదలదు కదా."

మాస్టారు తల పంకించి లేచారు. "సరే గాని, రేపు ఇంట్లో పాయసం వండాలి. ఈ పూట గేదెను నువ్వు పితుకు. పాలు ఎక్కువ కావాలి, జాగ్రత్త."

గౌరాంబగారు ఏదో అనబోయారు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఆవిడ నవ్వాపుకుంటూ చెంబు తెచ్చి చేతికిచ్చారు. "పాఠం అప్పజెప్పమన్నట్టు గద్దించకు నాయనా, అది నీ బళ్ళో చదివిన గేదె కాదు."

చెన్నమల్లు ఆ ఇంట్లో చదువుకునే రోజుల్లో నీళ్ళు మోశాడు, ఇల్లు ఊడ్చాడు గాని పశువుల జోలికి పోలేదు. పాలు ఎక్కువ కావాలన్న మాటే అతని మనసులో ఉంది. దూడ పలుపు తెంపుకునేలా తల్లివైపు గుంజుతుంటే చూసి, దాన్ని తీసుకెళ్ళి గోడ వెనక కట్టేశాడు. గేదె ముందు తవుడు పెట్టి, పొదుగు కడిగి, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

నాలుగు చుక్కలు పడ్డాయి. అంతే. పొదుగు బిగిసి నిండుగా ఉంది, చెంబులో అడుగు కూడా తడవలేదు. నిమిరాడు, బతిమాలాడు, గట్టిగా లాగాడు. గేదె తవుడు మానేసి గోడవైపు తల తిప్పి నిలబడింది. గోడ అవతల దూడ అరిచినప్పుడల్లా దాని ఒళ్ళు జలదరిస్తోంది. చివరికి తోక విసిరి పంతులుగారి చెంప ఛెళ్ళుమనిపించింది.

"పాఠం ఎంతవరకొచ్చిందయ్యా?" అన్నారు గౌరాంబగారు వాకిట్లోంచి.

మాస్టారు పాకలోకి వచ్చారు. "దూడ ఏదీ?"

"గోడ వెనక కట్టేశానండీ. వదిలితే అంతా అదే తాగేస్తుంది కదా."

 చెన్నమల్లు మధ్యాహ్నం తానన్న మాట తానే మళ్ళీ విన్నట్టు ఆగిపోయాడు.

గౌరాంబగారు దూడను విప్పుకొచ్చారు. అది ఒక్క దూకున వచ్చి పొదుగులో తల దూర్చి కుమ్మింది. గేదె కళ్ళు అరమోడ్చి దాని వీపు నాకసాగింది. కాసేపటికి దూడ మూతి చుట్టూ తెల్లటి నురగ కట్టింది. "చేపింది, పాలొదిలింది. ఇప్పుడు పక్కకి లాగు," అన్నారావిడ. లాగడం తేలిగ్గా అవలేదు. తల్లి ముందుకాలి దగ్గరే దాన్ని కట్టి చెన్నమల్లు మళ్ళీ కూర్చున్నాడు. వేళ్ళు ఆనించగానే పాలు చెంబులోకి చప్పుడు చేస్తూ దిగాయి.

సగం దాటిందో లేదో, "చాలు, ఇక దాన్ని వదులు," అన్నారు గౌరాంబగారు.

"ఇంకా వస్తున్నాయి కదమ్మగారూ?"

"వస్తాయి. అవి దానివి."

చెన్నమల్లు దూడను వదిలి, అది తాగుతుంటే చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని మాస్టారి దగ్గరికి వచ్చాడు. "పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళిపోతానండీ. బడి వేళకి అందుకోవాలి."

మాస్టారు సరేనన్నారు. చెన్నమల్లు కదల్లేదు. చేతిలోని చెంబు ఆయనకి చూపించాడు.

"కాని, సగమే నిండింది మాస్టారూ."

మాస్టారు ఎప్పటినుంచో ఒక కావ్యం రాస్తున్నారనీ, అది ఇంకా పూర్తి కాలేదనీ ఊరందరికీ తెలుసు. ఆయన చెంబులోకి తొంగి చూశారు. 

"నాదీ సగమే నాయనా," అన్నారు. "ఏ పూటా చెంబు బోర్లించి మాత్రం పెట్టలేదు."

అంతేనర్రా. అర్థమేమిటని నన్నడక్కండి, చీకటి పడుతోంది. లేవండి, ఇళ్ళకి వెళ్ళి వేడన్నం తినండి.