ఆరు కొసల మోటారు

మానేరు ఒడ్డున సాంచాల వాడలో రాజమల్లు అనే సేటు ఉండేవాడు. అతనికి అన్నీ ఉన్నాయి, ఓపిక ఒక్కటే లేదు. ఎసట్లో బియ్యం పడకముందే కంచం ముందు కూర్చునేవాడు. బస్సు ఆగకముందే దిగేవాడు, దిగి పడేవాడు, పడ్డందుకు డ్రైవరును తిట్టేవాడు.

సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. ఆ వాడలో ఇంటింటా అవే. రాజమల్లుకు మాత్రం నూలుకు గంజి పట్టించే పెద్ద షెడ్డు ఉండేది. దానికోసం ఒక భారీ మోటారు తెప్పించాడు. మూత తీసి చూస్తే లోపలి నుంచి ఆరు వైర్లు బయటికి వచ్చి ఉన్నాయి.

"కరెంటు వచ్చేది మూడు తీగల మీదనాయె. గీ ఆరు ఎందుకురా?" అన్నాడు రాజమల్లు.

మోటార్లకు తీగ చుట్టే యాకూబ్ కింద పడి ఉన్న నూలు పోగులు మూడు ఏరి చూపించాడు. "మోటరు లోపల గిట్ల మూడు చుట్టలు ఉంటయి సేటూ. మూడు పోగులకు కొసలెన్ని? ఆరు. చిన్న మోటర్లల్ల ఆ కొసలను లోపలనే కలిపి మూడే బయటికి తీస్తరు. పెద్దదాంట్ల ఆరూ బయటనే ఇడిచిపెడ్తరు. లేపేటప్పుడు ఒక తీరు కట్టాలె, ఉరికేటప్పుడు ఇంకో తీరు కట్టాలె. అందుకు."

మూడు పోగులనూ ఒక వైపు కలిపి ఒకే ముడి వేశాడు. "గిట్ల కడితే తక్కువ కరెంటు గుంజి మెల్లగ లేస్తది." తర్వాత ఆ ముడి విప్పి, ఒక పోగు చివరను ఇంకో పోగు మొదలుకు కడుతూ మూడింటినీ గుండ్రంగా కలిపాడు. "వేగం అందుకున్నంక గిట్ల మార్చాలె. అప్పుడు పూరా బలం. మార్చే పని ఈ స్టార్టరు డబ్బ చూసుకుంటది."

"మెల్లగ లేస్తదా? నేను కొన్నది మోటరునా, ముసలమ్మనా? మొదటి నుంచే పూరా బలం కట్టు!"

"ఒక్కసారే లేపితే మూడింతలు గుంజుతది సేటూ. వాడ మొత్తానికి ఉన్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మర్..."

"కట్టుమన్న గద!"

యాకూబ్ కట్టాడు. సేటుతో వాదించి ఎవరు బతికారు? స్టార్టరు డబ్బా మూలకు పోయింది. రాజమల్లు దానిమీద చెప్పులు పెట్టుకునేవాడు.

ఆ రోజు నుంచి వాడకు తిప్పలు మొదలయ్యాయి. రాజమల్లు బటన్ నొక్కితే చాలు, మోటారు ఒక్క ఉదుటున లేచేది. ఇంటింటా దీపాలు ఆరినంత పనయ్యేది. సాంచాలు నేత మధ్యలో తడబడి ఆగేవి. పోగులు పటపటా తెగేవి.

వీధి చివర కనకవ్వ అనే ఆమె ఉండేది. భర్త పోయాక రెండు సాంచాల మీదే ఇల్లు ఈదుకొస్తోంది. ఒకరోజు ఆమె బడిపిల్లల యూనిఫాం బట్ట నేస్తోంది. మర్నాడు లారీ వస్తుంది. బట్ట అందకపోతే ఇక ఆమెకు పని ఇచ్చేవాళ్ళు లేరు. తెగిన పోగులు అతికీ అతికీ ఆమె వేళ్ళు కందిపోయాయి. చివరికి లేచి నేరుగా రాజమల్లు షెడ్డుకు వెళ్ళింది.

"సేటూ, నీ మోటరు లేసినప్పుడల్ల నా పోగులు తెగుతున్నయి. జర మెల్లగ లేపు."

"బలం ఉన్నోడు లేస్తే భూమి అదురుతది. తట్టుకోకుంటే సాంచాలు అమ్ముకో!" అని రాజమల్లు నవ్వాడు.

"నీ బలం నీ షెడ్ల చూపెట్టుకో. నా సాంచా మీద కాదు."

షెడ్డులో పనివాళ్ళందరి ముందే అంది. సేటుకు ఎదురు చెప్పిన మనిషిని వాడ చూడటం అదే మొదటిసారి. రాజమల్లుకు ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం ఏదో పోగు తెగిందని మోటారు ఆపాడు, వెంటనే లేపాడు. మళ్ళీ ఆపాడు, మళ్ళీ లేపాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఠప్పుమని మోత వినిపించింది. ఫీజు తీగ కాలిపోయింది. వాడలో సాంచాల చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది.

రాజమల్లు కంగారుపడ్డాడు. అతని నూలు వేడి గంజి తొట్టిలో ఉంది మరి! గంజి చల్లారితే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని దేనికీ పనికిరాకుండా పోతాయి. లైన్‌మన్‌ను తీసుకుని పరుగున వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ కంచె గేటుకు అడ్డంగా కనకవ్వ కూర్చుని ఉంది. ఆమె పక్కన వాడలోని ఆడవాళ్ళంతా ఉన్నారు.

"లే కనకవ్వా, ఫీజు వెయ్యనియ్యి!"

"లేవ. యాకూబ్ చెప్పిన తీరుగ ఆ ఆరు కొసలు కట్టినంకనే ఫీజు."

"పిచ్చిదానా, కరెంటు లేకుంటే నీ సాంచాలు గూడ నడువయి. రేపు లారీ ఉత్తగనే పోతది!"

"పోనీ. దినాం పోగు పోగు సచ్చేకంటే ఒక్కసారే పోతే పాయె. తెగిన పోగులు అతికి బతికేటోళ్ళం సేటూ, ఓపికతోని కూసునుడు మాకు శాతనైతది. నీకు శాతనైతదా?"

రాజమల్లు పంతం పట్టి ఎదురుగా కూర్చున్నాడు. లేచాడు. షెడ్డులోకి వెళ్ళి గంజిలో వేలు ముంచి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ఈసారి గంజి మీద తెట్టె కట్టి ఉంది. ఇక్కడ ఆడవాళ్ళు తమలపాకులు పంచుకుంటూ ముచ్చట్లు పెట్టుకున్నారు. కనకవ్వకు భయం లేదని కాదు. లారీ వచ్చే దారివైపు మాటిమాటికీ చూసింది. కానీ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

జన్మలో ఆగడం ఎరగని మనిషి ఆగడంలో పందెం కాస్తే ఏమవుతుంది? "యాకూబూ! కట్టరా, నువ్వు చెప్పినట్టే కట్టు!" అని రాజమల్లు అరిచాడు.

యాకూబ్ స్టార్టరు మీది చెప్పులు కిందికి తోశాడు. దుమ్ము దులిపి, ఆరు వైర్లనూ దానికి కలిపాడు. కనకవ్వ షెడ్డులోకి వచ్చి, ఏ కొస ఎక్కడికి పోయిందో ఒక్కొక్కటీ చెప్పించుకుంది. ఆ తర్వాతే గేటు దగ్గరి ఆడవాళ్ళను లేవమంది.

ఫీజు పడింది. రాజమల్లు బటన్ నొక్కాడు. మోటారు మెల్లగా మూలిగింది, తిరిగింది, వేగం అందుకుంది. స్టార్టరులో టక్కుమని చప్పుడయింది. లోపల కట్టు మారింది, మోటారు పూర్తి బలంతో పరుగెత్తింది. వాడలో ఒక్క దీపమూ మసకబారలేదు. కనకవ్వ సాంచా మీద ఒక్క పోగూ తెగలేదు.

తొట్టిలోని నూలు సగం పాడైంది. కనకవ్వ నేసిన చివరి బట్ట తాను మర్నాడు లారీ బయల్దేరుతుండగా ఎక్కింది. అది చూస్తూ రాజమల్లు, "మెల్లగ లేసినా అంతే ఉరుకుతది గద!" అని గొణిగాడు.

"ఉరుకుతది. మళ్ళ ఆ కొసలు ఎన్కటి లెక్క ముడేసినవో, మేం మళ్ళ గాడనే కూసుంటం" అంది కనకవ్వ, నవ్వకుండానే.

నీతి: బలం ఉన్నవాడు పక్కవాడి దీపం ఆరిపోకుండా లేవడం నేర్చుకోవాలి, నేర్చుకోనని మొండికేస్తే, నేర్చుకునేదాకా అతనికి అడ్డంగా కూర్చోవడం తప్పు కాదు, ధర్మం.