తెల్లరాయా, నల్లరాయా?

అనగా అనగా, రాజులు కూడా ప్రజలను అడిగి పనిచేసే కాలంలో, కొండల నడుమ మంచుకోన అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో రాజుగారి అనుమతితో గంజాయి దుకాణాలు నడిచేవి. వ్యాపారం జోరుగా సాగేది.

ఒక వానాకాలం వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. మళ్లీ కట్టడానికి బొక్కసంలో సొమ్ము లేదు.

"గంజాయి దుకాణాలపై పన్ను వేద్దామా, వద్దా? ఊరే తేల్చాలి" అన్నారు రాజుగారు.

వాగు అవతల తవిటమ్మ ఉండేది. ఆమె అన్న సన్యాసిది గంజాయి దుకాణమే. ఎటు చెప్పాలో ఆమెకు తోచలేదు.

ముందు, తాడు పట్టుకుని వాగు దాటి వెళ్లి అన్నను అడిగింది.

"పన్ను వేస్తే నా కొట్టు మూతపడుతుందమ్మా. పిల్లల్ని ఎలా సాకను?" అన్నాడు. ఆమెకు గుండె కలుక్కుమంది.

తరువాత ఊరి వైద్యుణ్ణి అడిగింది.

"పన్ను పుచ్చుకుంటే ఆ మత్తుకు మనమే పీట వేసినట్టు. రేపు నీ కొడుకే ఆ దుకాణం మెట్లెక్కితే ఎవరిని అంటావు?" అన్నాడాయన. ఆమెకు భయం వేసింది.

చివరికి పొరుగింటి బంగారమ్మను అడిగింది. ఆమెకు నాలుగో నెల.

"నాకు నొప్పులొస్తే ముసలి మంత్రసాని ఈ వాగెలా దాటుతుంది పిన్నీ? పన్ను వేయాల్సిందే" అంది.

ముగ్గురి మాటా నిజంలాగే ఉంది. తవిటమ్మకు బుర్ర తిరిగిపోయింది.

ఊరు తేల్చాల్సిన రోజు రానే వచ్చింది. మండపంలో పెద్ద కుండ పెట్టారు. మనిషికొక తెల్లరాయి, ఒక నల్లరాయి ఇచ్చారు. కరణం విస్సన్న గొంతు సవరించుకుని చదివాడు:

"దుకాణాలకు పన్ను వద్దన్న మాటను కాదనుట తగదని తలచనివారు తెల్లరాయి వేయవలెను. తలచువారు నల్లరాయి వేయవలెను."

అందరూ తల ఊపారు. రాజుగారూ ఊపారు. ఒక్కొక్కరే వచ్చి కుండలో రాయి వేసి వెళ్లారు.

తవిటమ్మ కుండ దగ్గర ఆగిపోయింది. వెనకవాళ్లు విసుక్కున్నారు.

"నాకు అర్థం కాలేదు" అంది. అందరూ ఫక్కున నవ్వారు.

"తెల్లరాయి అంటే పన్ను వద్దని!" అన్నాడు ముందు వేసినవాడు.

"కాదు, కావాలని!" అన్నాడు వెనకవాడు.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ విస్సన్న వైపు చూశారు.

"తెల్లరాయి అంటే... పన్ను వద్దని... కాదు కాదు, వద్దనేది వద్దని..." విస్సన్నకు చెమటలు పట్టాయి.

రాజుగారు లేచారు. "నాకూ అర్థం కాలేదు. అడగడానికి సిగ్గుపడ్డాను. కుండ బోర్లించి మళ్లీ మొదలుపెట్టండి. పన్ను కావాలంటే తెల్లరాయి, వద్దంటే నల్లరాయి. అంతే!"

ఇప్పుడు రాళ్లు అర్థమయ్యాయి గానీ, మనసు ఇంకా మూడు వైపులా లాగుతూనే ఉంది. తవిటమ్మ రెండు రాళ్లనూ మార్చి మార్చి చూసింది. కడుపుతో ఉన్న బంగారమ్మ కళ్లలో మెదిలింది. తెల్లరాయి వేసింది.

పన్నే గెలిచింది.

ఆమె తిన్నగా అన్న దగ్గరికి వెళ్లింది. "అన్నా, నేనూ తెల్లరాయే వేశాను" అంది తలవంచుకుని.

సన్యాసి ముఖం తిప్పుకుని తక్కెడ తుడిచాడు.

"కోపంగానే ఉందమ్మా" అన్నాడు చివరికి. "కానీ నువ్వు ఆగి అడగకపోతే, నన్ను ఓడించింది ఊరో, విస్సన్న వాక్యమో నాకెన్నటికీ తెలిసేది కాదు. రా, అన్నం తిని వెళ్లు."

కాబట్టి పిల్లలూ, అర్థం కాని మాటకు తల ఊపకండి. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడకండి.