గేదె తల

పగటివేషాల తవిటయ్య శిష్యుడు పైడిరాజుకి ఓ ముఖం క్రీము కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. ఆట ఆపకపోతే కోర్టుకీడుస్తామని అందులో ఉంది.

వాడి తప్పల్లా బాగా నవ్వించడమే. క్రీము ఏజెంటు వేషం కట్టి, అట్టతో చేసిన గేదె తలకి తెల్లరంగు పులిమి, "ఏడు వారాలు రాయండి, గేదె కాస్తా ఆవైపోతుంది" అనేవాడు. కంపెనీ డబ్బా, కంపెనీ పాట అచ్చు దించేసేవాడు. సంతలో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

నోటీసు చూశాక వాడు భయపడి ఆట మార్చసాగాడు. ముందు డబ్బా రంగు మార్చాడు. తర్వాత పాట తీసేశాడు. ఏజెంటు పోయాడు, గేదె పోయింది. చివరికి మిగిలింది, ఎంత రాసుకున్నా నల్లగానే ఉండిపోయిన ఓ ఆడపిల్ల. ఒంటికి మసి పూసుకుని, మూతి తిప్పుకుంటూ ఆ పిల్లగా వాడే ఆడాడు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. సిగ్గులేని నవ్వు అది.

"మా ఆట వల్ల ఎవరి పరువుకూ భంగం కలగదు" అని కంపెనీకి రాసిచ్చి, ఆట ముగిసి మసి కడుక్కోకుండానే నకలు తెచ్చి గురువుకి చూపించాడు. "గండం గడిచింది గురువుగారూ."

తవిటయ్య ముఖం కందగడ్డయింది.

"ఎవలి మీద వేషం కడితే ఆళ్ల గుమ్మంలో ఆడి రావాలి. మన మేళం కట్టుబాటు. ఏజెంటు కొట్టు ముందు ఆడినావు. మరి ఇది ఎవలి గుమ్మంలో ఆడతావు?"



గురువు వాడి రెక్క పట్టుకుని ఆ మసిముఖంతోనే నూకాలు ఇంటికి లాక్కెళ్లాడు. నూకాలు మేళానికి రంగులు నూరే పిల్ల. ఆ క్రీము రాసుకుంటే ఆమె బుగ్గలు కమిలిపోయాయి. పైడిరాజు వేషం చూసినవాళ్లు దారిలో మూతి తిప్పి ఏడిపిస్తుంటే, పది రోజులుగా పనికే రావడం లేదు.

తలుపు తీసింది. కొంగుతో సగం ముఖం కప్పుకుని, వాణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

తవిటయ్య నకలు వాడి చేతిలో పెట్టాడు. "ఆడక్కర్లేదు. ఇది సదువు."

"మా ఆట వల్ల ఎవరి..."

పైడిరాజు కళ్లు కాగితం మీంచి ఆ కొంగు మీదికి పోయాయి.

"సదువన్నా, ఆగిపోనావేటి?" అంది నూకాలు.

వాడు చదవలేకపోయాడు.

గురువుతో ఇంటికొచ్చి మసి కడుక్కున్నాడు. అటక మీంచి గేదె తల దించి, చాలాసేపు దుమ్ము దులిపాడు.

"మళ్లీ నోటీసు వస్తాది గురువుగారూ."

"రానీ. మన గుమ్మానికే కదా" అన్నాడు తవిటయ్య.